ముగ్గుల లేని చుక్క

పొద్దుగాల వాకిట్ల ముగ్గేద్దామని పోయిన మా ఇంటామె, పిండి గిన్నె చేతుల పట్టుకొని అట్లనే లోపలికొచ్చింది. "నేనింక చుక్కలు పెట్టనే లేదు, నీ కొడుకు కొత్త కారు ముందే పెట్టింది. చూద్దువు రా" అన్నది. నలభై ఏండ్లు జీపు డ్రైవరుతోని కాపురం చేసిన మనిషి. నా ఖాకీ అంగీలు ఉతికీ ఉతికీ, ఏది నీళ్ల మరకో ఏది ఆయిలు మరకో ఆమెకు ఇంకొకరు చెప్పవల్సిన పని లేదు.

పోయి గొంతు కూసోని చూసిన. షాబాదు బండ మీద రూపాయి బిళ్లంత మరక. వేలికి అద్దుకొని, బొటనవేలితోని రుద్ది, ముక్కు కాడ పెట్టుకున్న. తేనె రంగు, జారుడు, మాడు వాసన లేదు. ఇంజన్ ఆయిలే, అనుమానం లేదు. కారు కొని ఆరు నెలలు కాలే. మీటర్ల నాలుగు వేల చిల్లర కిలోమీటర్లు. యాదగిరిగుట్టల పూజ చేయించిన నాటి బొట్లు బానెట్ మీద ఇంకా పూర్తిగ చెరగనే లేదు.

శనివారం రాత్రి హైదరాబాద్ నుంచి వచ్చిన కొడుకును లేపిన. "ఏసీ నీళ్లయుంటయి నాయినా" అన్నడు కండ్లు తెరవకుంటనే. ఏసీ నీళ్లకు రంగుండదు, జిడ్డుండదు, జర ఎండ పొడ తగిలితే అవే ఆరిపోతయి అన్న. అప్పుడు లేచిండు. లేచి బండి కాడికి రాలే, ఫోను తీసిండు. కంపెనీ యాప్ అట. "అంతా ఓకే అనే చూపిస్తుంది. ఏమన్న ఉంటే అలర్ట్ వస్తది కద?" అన్నడు. బండి కింద చూడుమంటే ఫోన్ల చూస్తున్నడు! నాకు మండింది. ఆ మంట ఇంకా ఆరలేదు, అందుకే ఇదంత రాస్తున్న.

మా రోజుల్లో బండి సంగతి నేలను అడిగెటోళ్లం. నేను నల్లగొండల సర్కారు జీపు తోలిన. ఏ ఆఫీసు అనేది ఇప్పుడెందుకు. రాత్రి బండి ఎక్కడ పెట్టినా సరే, తెల్లారి స్టీరింగు ముట్టకముందు నాలుగడుగులు వెనక్కి జరిగి నేలను చూసుడు అలవాటు. ముందర, ఇంజన్ మూతి కాడ తుప్పు రంగు నీళ్లు కనవడితే రేడియేటరు. నడుమ నల్లగ కనవడితే చాంబరు, అంటే ఇంజన్ అడుగున ఆయిలు నిలిచే తొట్టి, దాని బోల్టో, గేరుబాక్సో. చక్రం లోపలి దిక్కు తడి ఉన్నదంటే ఇగ బండి కదిలించొద్దు, అది బ్రేకు ఆయిలు. ఇదంత నాకు నేర్పింది దేవరకొండ రోడ్డుల రేకుల షెడ్డు కింద పనిచేసే ఉస్తాద్. "పహ్లే జమీన్ దేఖో, ఫిర్ ఇంజన్ దేఖో" అనెటోడు. నేను బానెట్ ఎత్తబోతె మోకాలి మీద పానాతోని ఒక్కటిచ్చి, కింద కూసుండబెట్టెటోడు.

ఆ కాలంల బండ్లు కార్చకపోతేనే వింత. ఇది నేను ఒప్పుకోవాలె. అంబాసిడర్ సంగతే తీసుకోండి. బెంగాల్ల ఉత్తర్‌పారా ఫ్యాక్టరీల 1958 నుంచి 2014 దాంక తయారైన కారు. ఆఫీసర్లకు, డాక్టర్లకు, పెండ్లి పిల్లకు, ఎన్నికల ప్రచారానికి అన్నిటికి అదే కారు. మా కాలంల దాని పెట్రోలు ఇంజన్ ఇంగ్లండు బీఎంసీ వాళ్ల నమూనా, 1489 సీసీ. అందుల క్రాంకు షాఫ్టు వెనక కొసన ఇప్పటిలెక్క రబ్బరు సీల్ ఉండదు. షాఫ్టు మీదనే స్క్రూకు ఉన్నట్టు మరచుట్లు చెక్కి ఉంటయి. షాఫ్టు తిరిగినంత సేపు ఆ చుట్లు బయటికి రాబోయే ఆయిలును మళ్ల లోపలికే తోస్తయి. మంచి తెలివే. కాని ఇంజన్ బందైతే తోసెటోడెవడు? తెల్లారేసరికి నాలుగు చుక్కలు నేల మీద ఉండుడే. అది జబ్బు కాదు, దాని పుట్టుకే అంత. అందుకే టాక్సీలోళ్లు రాత్రి బండి కింద ఇసుక పోసిన రేకు పళ్లెం పెట్టెటోళ్లు. ఎన్ని చుక్కలు పడుడు మామూలో ప్రతి డ్రైవరుకు ఎరుకే. రోజూ పడే చుక్కకు భయం లేదు. నిన్నటికంటే ఎక్కువ పడితే భయం. అసలు పడకుంటే ఇంకా భయం, గేజు తీసి చూసెటోళ్లు, లోపల ఆయిలుందో లేదో అని.

బస్సులూ అంతే. నిజాం రైల్వేవాళ్లు 1932ల 27 బస్సులతోని మొదలుపెట్టిన సర్వీసు పెరిగి పెరిగి ఆర్టీసీ అయింది. మేం చూసే నాటికి ఏ బస్టాండుకు పోయినా ప్లాట్‌ఫారానికో నల్లమరక. దేవరకొండ బస్సు ఎక్కడ ఆగుతదని అడిగితే, చదువురాని ముసలమ్మ గూడ మరకను చూపెట్టి చెప్పేది.

కార్చితే బాగుచేసుడు ఎట్లనంటరా? ప్యాకింగు కొనుక్కొచ్చుడు తక్కువ, కోసుకునుడు ఎక్కువ. ఉస్తాద్ చేతిపని నాకిప్పటికీ కండ్లల్ల మెదులుతది. ట్యాపెట్ కవరు విప్పి, కిరసనాయిలుతోని కడిగి, బోర్లించి, దాని అంచు మీద ప్యాకింగ్ షీటు పరిచెటోడు. గుండు సుత్తె తీసుకొని అంచు పొంటి టక్ టక్ టక్ అని మెల్లగ కొట్టుకుంట పోయెటోడు. కత్తి లేదు, కత్తెర లేదు. ఇనుప అంచే కింద నుంచి షీటును కోసేది. బోల్టు రంధ్రాల కాడ సుత్తె గుండుతోని ఒక్క దెబ్బ, బిళ్లలెక్క ముక్క ఊడి కిందపడేది. తర్వాత రెండు దిక్కులా షెల్లాక్ రాసుడు. షెల్లాక్ అంటే ఇంకేం కాదు, మన లక్కనే. ఇగ బోల్టులు ఒక దిక్కు నుంచి బిగించుకుంట పోవద్దు. దీనికి ఎదురుగ దాన్ని, దానికి ఎదురుగ ఇంకోదాన్ని, కొంచెం కొంచెం. నేనొకనాడు బలం చూపెడదామని ఒక బోల్టును ఉన్నకాడికి బిగించిన. బెండు ప్యాకింగు నలిగి బయటికొచ్చింది, కవరు అంచు వంగింది. లీకు డబులైంది. ఆ రోజు ఉస్తాద్ నాకు చాయ్ తాపియ్యలే.

ఇంకో యాది చెప్పి ఇప్పటి సంగతికొస్త. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు, దసరా వెళ్లినంక, సారును ఎక్కించుకొని దేవరకొండ మీదుగ పాలమూరు పోతున్న. డిండి ఇంక కొద్ది దూరం ఉన్నదనంగ, ఎదురొచ్చే ఎడ్లబండికి దారిచ్చే తొందరల పక్కకు కోసిన. నడుమ పొడుచుకొచ్చిన గుండురాయి కనవడలే. కింద ధన్‌మని మోగింది. తప్పు నాదే. రెండు ఫర్లాంగులు పోయేసరికి ఆయిలు ముల్లు కిందికి వాలింది. అక్కడ్నే ఇంజన్ బంద్ చేసిన. దిగి చూస్తే ఎర్రమట్టిల నల్లటి గీత, మేమొచ్చిన తొవ్వ పొడుగుత. చాంబరుకు చీలిక పడ్డది.

చుట్టూ బోళ్లు, గుట్టలు, ఆముదపు చేన్లు. మనిషి అలికిడి లేదు. దూరంగ బాయికాడ ఆయిలింజన్ ఠప్ ఠప్‌మని కొట్టే చప్పుడు మాత్రం ఇనవడుతుంది. ఆ చప్పుడు పట్టుకొనే పోయిన. బాయికాడ ఉన్న పెద్దమనిషి సంగతంత విని, "ఇంట్ల ఆముదం పీపా ఉంది, పోస్తవా? మా బండిరుసుకు కందెన దాంతోనే" అన్నడు. వాళ్ల లెక్క తప్పేం కాదు. కాల్చిన గడ్డి మసిల ఆముదం కలిపి, వెదురు గొట్టంల పోసి బండికి కట్టుకొనే రోజులవి. సారు అయితే ఆముదమే పోద్దామని తయారైండు. నేనే ఎందుకో ఆగి, ఆ ఆయిలింజన్‌కు వాడే డబ్బాల నుంచి రెండు లీటర్లు బతిలాడి తెచ్చుకున్న. ఆయన భార్య బట్టల సబ్బు ముక్క ఇచ్చింది. దాన్ని గోనెపీచుతోని కలిపి పిసికి, చీలికల కూరి, పైనుంచి సైకిల్ ట్యూబు ముక్క అదిమి తీగతోని బిగించి కట్టిన. సబ్బు పెట్రోలుల కరగదు, వేడి ఆయిలులగూడ కొంతసేపు నిలవడుతది. ఇరవై స్పీడు మీద, రెండుసార్లు ఆగి ఆయిలు పోసుకుంట, చీకటి పడినంక కల్వకుర్తి చేరుకున్నం.

తర్వాత ఉస్తాద్ చెప్పిండు, ఆ రోజు ఆముదం పోసుంటే ఇంజన్ల ఉన్న మామూలు ఆయిలుతోని అది సరిగ కలవకపోవు, పోను పోను బంకలెక్క పట్టు అని. మరి ఆముదం ఇంజన్‌కు పనికిరాదా అంటే, అట్లా కాదు. 1909ల ఇంగ్లండుల వేక్‌ఫీల్డ్ కంపెనీ ఆముదం కలిపి ఇంజన్ ఆయిలు చేసింది. ఇంగ్లీషుల ఆముదానికున్న పేరునే జర మార్చి క్యాస్ట్రాల్ అని పెట్టుకున్నది. మొదటి ప్రపంచ యుద్ధంల గిర్రున తిరిగే ఇంజన్ల విమానాలు ఆముదం పోసుకొనే ఎగిరినయి. ఉమ్మడి రాష్ట్రంల ఆముదం సాగంటే ముందుగ వినవడే పేర్లు పాలమూరు, నల్లగొండ. దాని మీద పరిశోధన నాగర్‌కర్నూల్ దిక్కు పాలెం కేంద్రంల గూడ జరుగుతది. ఇంజన్ ఆయిలు గురించి మాకు మాట్లాడే హక్కు లేదని ఎవరన్న అంటే ఈ ముక్క చెప్పండి.

1983 డిసెంబరుల ఢిల్లీల మొదటి మారుతి తాళాలు ఇచ్చిన్రు. నల్లగొండకు ఆ కారు వచ్చినంక ఒకటి ఉస్తాద్ షెడ్డు ముందట ఆగింది, పంక్చరుకు. రాత్రంత అక్కడ్నే ఉన్నది. తెల్లారి ఉస్తాద్ దాని కింద చెయ్యిపెట్టి నేలను తడిమి చూసిండు. పొడిగ ఉన్నది. ఇంకోసారి తడిమిండు. లేచి చేతులు దులుపుకొని, "ఇగ మా దుకాణాలు బందే" అన్నడు. నవ్వుకుంట అన్నడో బాధతో అన్నడో నాకు తెల్వలే.

ఆ పొడి నేలనే మనల్ని పాడుచేసింది. బండి కార్చదు అని నమ్మకం కుదిరింది. నమ్మకం కుదిరినంక చూసుడు మానేసినం. మూడు వేల కిలోమీటర్లకు ఆయిలు మార్చే మేం రోజూ గేజు చూసేది. పది వేల కిలోమీటర్లకో ఏడాదికో మార్చే వీళ్లు ఏడాది పొడుగూత బానెట్ ఎత్తరు. నా కొడుకును బానెట్ తెరువుమంటే, ఆ మీట ఎక్కడుందో వెతకటానికి రెండు నిమిషాలు పట్టింది. ఎత్తినంక గేజు ఏదంటే విండ్‌స్క్రీన్ నీళ్ల మూత చూపెట్టిండు. ఇంజనీరింగ్ చదివిచ్చిన!

కంపెనీలోళ్లు గూడ తక్కువ తినలే. ఇంజన్ కింద నల్లటి ప్లాస్టిక్ పళ్లెం ఒకటి బిగించిన్రు, షీల్డు అంటరు. గాలికి, దుమ్ముకు, బురదకు మంచిదే కావచ్చు. కాని ఇదివరకు టాక్సీ కింద బయట పెట్టిన రేకు పళ్లెం ఇప్పుడు బండికే కట్టినట్టున్నది. కారిన ఆయిలు అందుల చేరి, అటిటు పొర్లి, ఏదో ఒక రంధ్రంల నుంచి ఎక్కడనో చుక్క రాలుతది. అంటే నేల మీద చుక్క కనవడేసరికి లోపల శానానే కారి ఉంటది. చుక్క కిందికి సరిగ్గ లీకు ఉంటదన్న మా పాత లెక్క ఇక్కడ నడవదు.

ఇగ ఆయిలు. మేం పోసింది నలభై గ్రేడు, చలికాలం పొద్దుగాల బెల్లం పాకంలెక్క సాగేది. ఇప్పుడు పోసేది 0డబ్ల్యూ-20, ఇంకా పలుచనిదిగూడ వచ్చింది. మైలేజీకి మంచిదట. మంచిదే. కాని అంత పలుచటిది పోసినప్పుడు అతుకుల కాడ వెంట్రుకవాసి సందు గూడ ఉండొద్దు. చానా బండ్లకు చాంబరు కాడ ప్యాకింగే లేదు, గొట్టంల నుంచి పేస్టు పిండి అతికిస్తున్నరు.

సర్వీసు సెంటరుకు తీసుకపోయినం. ఏది అని అడగొద్దు, ఏదైతేంది. ఏసీ గది, సోఫాలు, ఉచితంగ కాఫీ. పలక ఫోను పట్టుకున్న పిలగాడొకడొచ్చి, "అంకుల్, ఇది లీకేజీ కాదు, స్వెట్టింగ్. కొత్త బండ్లకు నార్మలే" అన్నడు. కింద చూసినవా బాబూ అంటే చూడలేదు. బండి లోపలికి పోయింది, గంటకు బయటికొచ్చింది. కింద నీళ్ల ప్రెషరుతోని తళతళ కడిగి ఇచ్చిన్రు. లీకు కాదు, లీకు ఆనవాళ్లు కడిగిన్రు.

చెమటకు, కారుడుకు తేడా ఉన్నది. అతుకు కాడ జర తడి పట్టి, మా దిక్కు ఎర్రదుమ్ము దానికి అంటుకొని, నల్లటి మచ్చలెక్క కనవడి అక్కడ్నే ఆగిపోతే దాన్ని చెమట అనుకొని కనిపెట్టి చూడొచ్చు. చుక్కయి నేల మీద పడ్డదంటే అది లీకే. కొత్త బండికి అది నార్మల్ అయ్యే కాలం ఎన్నడో పోయింది. అంబాసిడర్‌కు చెల్లిన మాట దీనికి చెల్లదు.

నాలుగోనాడు మళ్ల చుక్క. కొడుకు హైదరాబాద్ బస్సెక్కి పోయిండు, కారు నా మీద వదిలేసి. నేను, తొమ్మిదో తరగతి చదివే మనవడు పని మొదలుపెట్టినం. బండి కింద వెడల్పు అట్టపెట్టె విప్పి పరిచినం, చుక్క ఏ దిక్కు ఎక్కువ పడుతుందో అంచనాకు. తర్వాత ఇంజన్ చల్లగున్నప్పుడు చెయ్యి అందిన కాడికల్ల కిరసనాయిలు అద్దిన బనీను వేస్టుతోని తుడిచి, పొడి గుడ్డతోని ఆరబెట్టిన. ఇంటామె పౌడరు డబ్బా అడిగిన. "ఇంజన్‌కు పౌడరు పూస్తవా, నాకెన్నడన్న తెచ్చినవా?" అన్నది గాని ఇచ్చింది. అనుమానమున్న అతుకుల పొంటి పౌడరు చల్లి, ఇంజన్ పది నిమిషాలు నడిపి బంద్ చేసినం. మనవడు టార్చి కొట్టిండు. తెల్లటి పౌడరు మీద, ఇంజన్ పక్కన టైమింగ్ చైన్ కవరు అతుకుతున్న కాడ, సగం నుంచి కిందికి సన్నగ తడిగీత. కాటుక దిద్దినట్టు కనవడ్డది. "తాతా, ఆగు" అని వాడు ఫోన్ల ఫొటో తీసిండు. ఫోను పనికొచ్చిన ఒక్క ఘడియ అది, కాదనను.

ఈ పని చేసేటోళ్లకు ఒక మాట. కొత్త బండ్ల లీకంటే అన్నిసార్లు పెద్ద రోగమే కానక్కర్లేదు. ఆయిలు మార్చిన వెంటనే కారితే ముందుగ చాంబరు బోల్టు చూడాలె. దానికుండే వాషరు మార్చకుండ పాతదే వేస్తరు. లేకుంటే బలంగ బిగించి మరలు పాడుచేస్తరు. ఫిల్టరు మార్చేటప్పుడు పాత రబ్బరు రింగు ఇంజన్‌కే అంటుకొని ఉండిపోతది, చూడకుండ కొత్తది దాని మీద బిగిస్తే రెండు రింగుల నడుమ నుంచి ఆయిలు పిచికారి కొడుతది. కొన్నిసార్లు మార్చేటప్పుడు ఒలికిందే షీల్డుల నిలిచి రెండు రోజులు కారి ఆగిపోతది. గేజు మీది గీత దాటి ఎక్కువ పోసినా తిప్పలే. ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే వాల్వు మూసుకపోతే, ఒత్తిడి పెరిగి ఆయిలు సీళ్లను తోసుకొని వస్తది. అప్పుడు సీలు మార్చినా లాభముండదు, మళ్ల కారుతది. ఇగ ఊర్లల్ల ఎవరికి బుద్ధి పుట్టినకాడ వాళ్లు పోసుకున్న స్పీడ్‌బ్రేకర్లున్నయి. తెల్లగీత ఉండదు, బోర్డు ఉండదు. నా గుండురాయి పని ఇప్పుడు అవి చేస్తున్నయి.

ఇంకో మాట గూడ చెప్పాలె, నా కొడుకు అలర్టు సంగతి. డాష్‌బోర్డు మీద నూనె చెంబు బొమ్మలెక్క ఉండే ఎర్రదీపం ఆయిలు తగ్గుతుందని చెప్పేది కాదు. ఆయిలు ఒత్తిడి పడిపోయినప్పుడు వెలుగుతది. అది వెలిగిందంటే బేరింగులకు ఆయిలు అందుతలేదన్నట్టు. దగ్గర్ల మెకానిక్ ఉన్నడు, అక్కడిదాంక పోదాం అని పోతే ఇంజన్ పట్టేస్తది. ఉన్నకాడ్నే బందు పెట్టాలె, నేను డిండి కాడ పెట్టినట్టు. దానికంటే ముందు చెప్పేది గేజు. సమంగ ఉన్న జాగల బండి పెట్టి, ఇంజన్ బంద్ చేసి జరసేపు ఆగి, గేజు తీసి తుడిచి, మళ్ల పెట్టి తియ్యాలె. చిన్న కార్లకు పైగీతకు కిందిగీతకు నడుమ లీటరుకు అటిటు తేడా ఉంటది. దీనికి యాప్ అవసరం లేదు, పాత బనీను ముక్క చాలు.

మళ్ల సర్వీసు సెంటరుకు పోయినం. ఈసారి ఫొటో ఉన్నది, అట్టముక్క ఉన్నది, తేదీ రాసి ఉన్నది. పలక ఫోను పిలగాడు జాబ్‌కార్డుల "జనరల్ చెకప్" అని కొట్టబోయిండు. "ఇంజన్ ఆయిల్ లీకేజీ అని రాయి. కిలోమీటర్లు రాయి. రెండోసారి వచ్చిన్రని రాయి. నా ముందట్నే రాయి" అన్న. ఆముదం తాగినట్టు మొకం పెట్టిండు గాని రాసిండు. నేను సంతకం పెట్టి కాపీ తీసుకున్న.

లోపలికి రానియ్యమన్నరు. సర్కారు కొలువుల రిటైరైన డ్రైవరునని చెప్పి, తలుపు కాడ నిలబడ్డ. బండిని పైకెత్తి షీల్డు విప్పింది పాలమూరు దిక్కు పోరడు, ఐటీఐ చదివిండట. టార్చి పెట్టి చూసి, నిమిషంల "సార్, సీలెంట్ల గ్యాప్ వచ్చింది. కవరు మొత్తం విప్పి పాతది గీకేసి మళ్ల పట్టియ్యాలె" అన్నడు. నేను పౌడరుతోని పట్టుకున్న జాగనే. పాత పేస్టును గీతలు పడకుండ గీకి, మళ్ల మళ్ల తుడిచి, వేలు పెట్టి జిడ్డు లేదని చూసుకున్నడు. కొత్త పేస్టు ఒకే మందంల, చెయ్యి ఎత్తకుండ, బోల్టు రంధ్రాల లోపలి దిక్కుగ తిప్పిండు. బోల్టులు ఎదురెదురుగ, కొంచెం కొంచెం బిగించిండు, ఎంత బిగువో చూపే పానాతోని. ఉస్తాద్ ఉంటే మోకాలి మీద కొట్టే పని పడకపోవు. పని తెలిసినోడు లోపల నూనె చేతులతోని ఉన్నడు. కస్టమరుకు జవాబు చెప్పేటోడు బయట ఏసీల ఉన్నడు. ఇద్దరి నడుమ అద్దం తలుపు. మా రోజుల్లో ఆ తలుపు లేదు, అంతే తేడా.

పేస్టు ఆరాలె గనుక బండి రాత్రి అక్కడ్నే ఉంచిన్రు. వారంటీల పైస తీసుకోలే. ఇక్కడ గూడ ఒక మాట ఒప్పుకోవాలె. మా రోజుల్లో కారు కోసం ఏండ్లకేండ్లు ఎదురుచూసి, వచ్చిందాన్ని కండ్లకద్దుకొని తీసుకున్నం. కార్చితే మన కర్మ అనుకున్నం. అడిగేటందుకు వినియోగదారుల చట్టమనేది 1986ల గాని రాలే. ఇప్పుడు 2019 నాటి కొత్త చట్టమున్నది, జిల్లాల కమిషన్ ఉన్నది, 1915కు ఫోన్ చేస్తే ఫిర్యాదు రాసుకుంటరు. ఒక మోడలంతట్ల తయారీ లోపముంటే వాపసు పిలిచి బాగుచేయమని కంపెనీకి సర్కారు హుకుం ఇచ్చే నిబంధనగూడ 2021 నుంచి అమలుల ఉన్నది. ఇన్ని ఉండి, "నార్మలే అంకుల్" అనంగనే కాఫీ తాగి తిరిగొచ్చేటోళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతది. వారంటీ వెళ్లిపోయినంక అదే లీకుకు వేలకు వేలు కట్టేది గూడ వీళ్లే. జాబ్‌కార్డుల రాయించని లీకు, కాయిదం మీద లేని లీకే.

మొన్న బిడ్డను చూద్దామని అదే కారుల పాలమూరు పోయినం. కొండమల్లేపల్లి, దేవరకొండ, డిండి, కల్వకుర్తి, జడ్చర్ల. తొవ్వ ఇప్పుడు వేరు, గుండురాళ్లు లేవు. నా చాంబరు పగిలిన జాగ ఇదే కావచ్చని ఒకకాడ ఆపించిన. ఆముదపు చేను ఒక్కటి లేదు, కండ్లకు ఆనినంత దూరం పత్తి. ఆయిలింజన్ చప్పుడు లేదు, బోరు మోటరు చప్పుడు చేయదు. "ఎందుకాగినం తాతా?" అన్నడు మనవడు. చెప్పిన. అంతా విని, "ఎలక్ట్రిక్ కారు కొంటే ఇంజన్ ఆయిలే ఉండదు గద" అన్నడు. గేర్లకైతే దాంట్ల గూడ ఆయిలు ఉంటదిరా అన్న. అంతకంటే నా దగ్గర జవాబు లేకుండె.

న్యూటౌన్ల బిడ్డ ఇంటి ముందట రాత్రి బండి పెట్టినం. తెల్లారి అల్లుడు పాలకు పోయేటప్పటికి నేను కారు కింద తలపెట్టి ఉన్న. నేల పొడిగ ఉన్నది.

చదివినోళ్లు ఒక్క పని చేయండి. ఈ రాత్రి మీ బండి ముందు దిక్కు కింద ఒక పాత అట్టపెట్టె విప్పి పరిచి పండుకోండి. తెల్లారి ఫోను ముట్టుకోకముందు దాన్ని చూడండి.